వేమూరుకు ఇవతల ఆగిన బండి

రేపల్లె ప్యాసింజరు ఇంజన్లో కుడిపక్క సీటు హెప్సిబాది. అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరి ఏడేళ్ళయింది. ఎడమపక్క కూర్చుని బండి నడిపే నరసింహం గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. సిగ్నల్ కనపడగానే ఆమె దాని రంగు గట్టిగా చెప్పాలి, ఆయన అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరి కళ్ళూ ఒకటే చూశాయని రూఢి చేసుకోవడానికి ఆ పద్ధతి. బండి కదిలే ముందు ఇద్దరూ ఫోన్లు ఆపేసి సంచుల్లో పెట్టేయాలి. ఉద్యోగంలో మిగతావన్నీ అలవాటయ్యాయి గాని ఆ ఫోను ఆపేయడం మాత్రం హెప్సిబాకు అలవాటు కాలేదు. తెనాలిలో ఆపితే మళ్ళీ రేపల్లెలోనే. ఈలోగా ఇంట్లో ఏం జరిగినా తనకు తెలియదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. తల్లి వరమ్మ, ఐదేళ్ళ కూతురు ప్రశాంతి. భర్త శాలేమురాజు బాపట్ల అవతల, సూర్యలంక దారిలో ఒక సర్కారు బడిలో టీచరు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. పాపకు ఏడాది నిండకముందే హెప్సిబా మళ్ళీ డ్యూటీకి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు ధైర్యం చెప్పింది వరమ్మే. "బిడ్డ సంగతి నాకొదిలెయ్. నువ్వెళ్ళి బండెక్కు" అంది. మిషన్ హాస్టల్లో ఊరిపిల్లలందరికీ వండి పెట్టి పెంచిన మనిషికి ఒక్క మనవరాలు లెక్కా అనుకుంది హెప్సిబా. కానీ ఈ మధ్య వరమ్మకు షుగరు బాగా ముదిరింది. పూటపూటకూ పొట్టకు ఇంజక్షన్ పొడుచుకోవాలి. పొడుచుకున్నాక వేళకు అన్నం తినాలి. తల్లి తిన్నదా లేదా అని హెప్సిబా రోజూ అడిగేది. "తిన్నాలే, నీకెందుకు" అనేది వరమ్మ.

వాళ్ళ పల్లె వేమూరుకు ఇవతల తెనాలి వైపున, రైలు పట్టాల పక్కనే. పల్లె చివర గేటు. గేటు దాటి కొంచెం దూరం పోయాక పట్టాలు కాలవ మీదుగా వెళతాయి. మధ్యాహ్నం రేపల్లె బండి వచ్చే వేళకు వరమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని గేటు బయట నిలబడేది. హెప్సిబా కిటికీలోంచి చెయ్యి ఊపేది. కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోయేది. అయినా ఆ కాస్త చూపుతోనే ఆమెకు రేపల్లె దాకా ఊపిరాడేది. బిడ్డ ఉంది, అమ్మ నిలబడి ఉంది, చాలు.

అది మార్చి నెల. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ శుక్రవారం గేటు సిగ్నల్ కనపడింది.

"గ్రీన్" అంది హెప్సిబా.

"గ్రీన్" అన్నారు నరసింహం గారు.

గేటు దగ్గరపడుతుంటే ఆమె అలవాటుగా కిటికీ వైపు ఒరిగింది. గేట్‌మన్ మత్తయి ఎప్పటిలాగే ఎడమవైపున, బండి వైపే చూస్తూ పచ్చజెండా పట్టుకుని ఉన్నాడు. కుడివైపున గేటు కడ్డీ బయట వరమ్మ లేదు. కడ్డీ లోపల, కంకర అంచున, ప్రశాంతి ఒక్కతే నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. నరసింహం గారు హారన్ గట్టిగా నొక్కి పట్టారు. ఆ మోతలో పిల్ల గొంతు వినపడలేదు. మొహం మాత్రం కనపడింది, వెంటనే వెనక్కి వెళ్ళిపోయింది.

ఊపడానికని లేపిన చెయ్యి హెప్సిబా అలాగే ఉంచేసింది. పిల్ల చెయ్యి ఊపలేదు. పిలిచింది. రమ్మని పిలిచింది.

"సార్, మా పాప."

"చూశానమ్మా. పట్టాలకు ఎడంగానే ఉంది. మీ అమ్మగారు వెనకాలెక్కడో ఉండుంటారు."

"లేదు సార్. అమ్మ లేదు. అమ్మ లేకుండా గేటు దగ్గరికి రాదది."

తల బయట పెట్టి చూసింది. పెట్టెల వరస తప్ప ఏమీ కనపడలేదు. ఆమె చెయ్యి తనంతట తానే వాకీటాకీ మీదికి పోయింది. బండి చివర గార్డు ప్రతాప్ ఉంటాడు. అతనికి వెనక పట్టాలన్నీ కనపడతాయి.

"ప్రతాప్, గేటు దగ్గర చిన్నపాప ఉందా చూడు."

కాసేపు గరగర తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అతని గొంతు వచ్చింది. "ఉంది మేడమ్. గేటు దగ్గర కాదు. పట్టాల మీదుంది. బండెనకాలే పరిగెత్తుకుంటా వస్తోంది."

సరిగ్గా అప్పుడే ఇంజన్ కింద చప్పుడు మారింది. అంతవరకు నేల మీద దడదడలాడిన చక్రాలు బోలుగా మోగడం మొదలుపెట్టాయి. కాలవ వంతెన. అది ఒంటిలైను. తమ బండి ఇంకా వేమూరు చేరలేదు కాబట్టి వెనక నుంచి ఇంకో బండి రాదు. ఆమెకు రైలు భయం లేదు. భయమంతా ఆ వంతెనే. అది కింద నేల లేని ఇనప దూలాల వంతెన. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య ఖాళీలోంచి నీళ్ళు కనపడతాయి. పెద్దవాళ్ళే చూసి చూసి అడుగేయాలి. ఐదేళ్ళ పిల్ల బండిని చూస్తూ పరిగెడుతుందే గాని కింద చూడదు.

"ఆపండి సార్."

ఆమె అనేలోపే నరసింహం గారి చెయ్యి బ్రేకు మీద ఉంది. బండి మూలుగుతూ, కుదుపుతూ చాలా దూరం ఈడ్చుకుపోయి ఆగింది. అంత బరువు ఒక్కసారిగా ఆగదని ఆమెకు తెలుసు. తెలిసినా, ఆ ఈడ్పు తన మీదే కక్ష కట్టినట్టనిపించింది.

వాకీటాకీ మళ్ళీ గరగరమంది. "సార్, నేను దిగాను. పాప వంతెన ఎక్కేసింది. మధ్యలో ఆగిపోయి ఏడుస్తోంది. నేను దగ్గరికెళ్తే వెనక్కి వెనక్కి నడుస్తోంది సార్. కొత్త మనిషినని భయపడుతోంది. మేడమ్‌ని పంపండి."

"నువ్వు కదలకు ప్రతాప్. ఉన్నచోటే ఉండు" అన్నారు నరసింహం గారు. ఆమె వైపు తిరిగి, "నేను ఇంజన్ వదలకూడదు. నువ్వెళ్ళమ్మా. పరిగెత్తకు, కంకర మీద పడితే నువ్వే లేవలేవు" అన్నారు.

హెప్సిబా మెట్లు దిగింది. పరిగెత్తొద్దన్న మాట చెవిన పడింది గాని కాళ్ళకు పట్టలేదు. కంకర బూట్ల కింద జారుతోంది. పెట్టెల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"ఏమైందండి?"

"ఎవరన్నా పడ్డారా?"

"బండెందుకాగిందమ్మా?"

ఆమె పరుగు ఆపలేదు. పెట్టె తర్వాత పెట్టె, బండికి అంతే లేనట్టుంది. రోజూ తను లాక్కుపోయే బండి ఇంత పొడుగని ఆమెకు ఆ రోజే తెలిసింది. చివరి పెట్టె దాటగానే ఎండలో పట్టాలు మెరుస్తూ కనపడ్డాయి. వంతెన ఇవతల ప్రతాప్ రెండు చేతులూ చాపి, ఎవరినో ఆపుతున్నట్టు, కదలకుండా నిలబడి ఉన్నాడు. వంతెన అవతల గేటు వైపు నుంచి జనం వస్తున్నారు. ముందు ఎదురింటి బసవమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వగరుస్తూ వస్తోంది. వాళ్ళ వెనక, గేటు వదలకూడని మత్తయి అక్కడి నుంచే అరుస్తున్నాడు. "ఎవరూ వంతెనెక్కకండి. ఎవరూ కేకలెయ్యకండి. పిల్ల బెదురుద్ది."

వంతెన నడిమధ్యన ఒక స్లీపరు మీద ప్రశాంతి నిలబడి ఉంది. పసుపు గౌను గాలికి కాళ్ళకు చుట్టుకుంటోంది. పిల్ల పైకి చూడడం లేదు. కాళ్ళ సందులోంచి కిందికి చూస్తోంది. చూస్తూ చూస్తూ కొద్దికొద్దిగా ఊగుతోంది. కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పారుతోంది.

అరిస్తే ఉలిక్కిపడుతుంది. దగ్గరికి పరిగెడితే తనూ ఎదురు పరిగెత్తుతుంది. హెప్సిబా ఇంట్లో అన్నానికి పిలిచినట్టే పిలిచింది.

"శాంతీ."

పిల్ల తలెత్తింది. "అమ్మా" అంటూ అడుగు ముందుకేయబోయింది.

"రాకు తల్లీ. నేనొస్తున్నాగా. నువ్వు కూర్చో. ఆ చెక్క మీదే కూర్చుని పక్కనున్న పట్టా పట్టుకో. గట్టిగా పట్టుకో. బంగారుతల్లివి కదూ."

పిల్ల కూర్చుంది. కూర్చుంటున్నప్పుడు ఒక కాలు ఖాళీలోకి దిగింది. మోకాలి దాకా దిగి అక్కడే వేలాడింది. వంతెన అవతల ఎవరో "అయ్యో" అన్నారు. హెప్సిబా కళ్ళకు ఆ వేలాడే చిన్న పాదం తప్ప ఇంకేమీ కనపడలేదు. మోకాళ్ళ మీద వంగి, చేతులు ఆనించి, ఒక్కో స్లీపరూ దాటుకుంటూ వెళ్ళింది. స్లీపర్లు ఎండకు కాలిపోతున్నాయి. చెయ్యి అందగానే పిల్ల గౌను పట్టుకుంది. తర్వాత జబ్బ పట్టుకుంది. తర్వాత పిల్లనంతా పొట్టకు అదుముకుని అక్కడే కూలబడింది.

"ఎందుకొచ్చావమ్మా? ఎందుకు పరిగెత్తావ్?"

"నువ్వాగలేదుగా" అంది ప్రశాంతి, వెక్కిళ్ళ మధ్య. "అమ్మమ్మ లేవట్లేదు. పిలిస్తే పలకట్లేదు. కళ్ళు తెరవట్లేదు. నీకు చెబుదామని వచ్చా."

ఒక భయం దిగకముందే ఇంకో భయం ఎక్కి కూర్చుంది. పిల్లకు ఫోను చెయ్యడం రాదు. అమ్మ ఎక్కడుంటుందని అడిగితే దానికి తెలిసింది ఒక్కటే, రైల్లో ఉంటుంది. అందుకే ఇంట్లోంచి లేచి, రైలు వచ్చే చోటికి వచ్చింది. తను దాన్ని చూస్తూ చూస్తూ దాటేసిపోయింది.

బిడ్డను చంకనేసుకుని, వంతెన అవతలి వైపుకే నడిచింది. ఎలా నడిచిందో తర్వాత గుర్తు రాలేదు. గట్టున బసవమ్మ చేతులు చాపింది.

"అత్తా, మా అమ్మ ఇంట్లో పడిపోయిందంట. పలకట్లేదంట. ముందు ఎవరినన్నా పంపండి. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి."

బసవమ్మ వెనక్కి తిరిగి కేక వేసింది. ఇద్దరు మగవాళ్ళు పల్లె వైపు పరుగు తీశారు. ఒకడు పరిగెడుతూనే ఫోను చెవికి పెట్టుకున్నాడు. "పాపనిటియ్యి. నువ్వు కూడా నడువమ్మాయ్, ఇంటికెళదాం" అంది బసవమ్మ.

హెప్సిబా ఇంటి వైపు చూసింది. గేటు పక్కన కొబ్బరిచెట్ల వెనక తమ ఇంటి పైకప్పు రేకులు కనపడుతున్నాయి. పిలిస్తే వినపడేంత దూరం. ఆమె వెనకే వంతెన దాటి వచ్చిన ప్రతాప్ మెల్లగా అన్నాడు. "వెళ్ళండి మేడమ్. నరసింహం సార్‌తో నేను మాట్లాడతా. కంట్రోలు ఆఫీసుకి చెబుతాం. ఇంకో మనిషిని పంపేదాకా బండి ఇక్కడే పెడదాం."

ఇంకో మనిషి అంటే తెనాలి నుంచి రావాలి. అంతవరకు ఈ ఎండలో, చేల మధ్య, ఒంటిలైను మీద బండి నిలబడాలి. కిటికీల్లోంచి చూస్తున్న ఆ తలలన్నీ నిలబడాలి. అవన్నీ ఆమె మనసులోకి వచ్చిన మాట నిజమే. కానీ అంతకన్నా అడుగున ఇంకో మాట ఉంది. తను ఇప్పుడు ఆ గుమ్మం తొక్కితే లోపల అమ్మ ఎలా కనపడుతుంది? కళ్ళు మూసుకుని, చేతులు చల్లబడి, నోరు తెరిచి? ఆ గుమ్మం దాటనంతసేపూ అమ్మ బతికే ఉంటుంది. తను ఇంజన్ వైపు తిరిగింది బాధ్యత వల్లనా, ఆ గుమ్మమంటే భయం వల్లనా అని ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను అడిగినా హెప్సిబాకు జవాబు దొరకలేదు.

"అత్తా, పాపను కిందికి దించకండి. ఎత్తుకునే ఉండండి" అంది.

"అదేంటే, నువ్వు రావా?"

"బండుంది అత్తా."

బసవమ్మ ఆమె మొహంలోకి చూసింది. పిల్ల మాత్రం అర్థం చేసుకుంది. బసవమ్మ భుజం మీంచి రెండు చేతులూ చాపి, ఇందాక గేటు దగ్గర అరిచినట్టే అరిచింది. ఈసారి హారన్ మోత లేదు. ప్రతి అక్షరం వినపడింది. "అమ్మా, పోవద్దు. అమ్మా." హెప్సిబా వంతెన దాటింది. పెట్టెల పక్కనుంచి ఇంజన్ దాకా నడిచింది. ఆ కేక సన్నబడుతూ వెంటే వచ్చింది. ఇంజన్ మెట్లు ఎక్కేటప్పుడు కూడా వినపడుతూనే ఉందనిపించింది. అప్పటికి వినపడే వీలు లేదు.

నరసింహం గారు విషయమంతా విన్నారు. "నీ వల్లవుద్దా అమ్మా? నిజం చెప్పు. కాకపోతే కాదను. ఇక్కడే ఉందాం" అన్నారు.

"అవుద్దండి" అంది.

బండి కదిలింది.

వేమూరులో ఆగినప్పుడు స్టేషన్ మాస్టర్ గేటుకు ఫోన్ చేసి అడిగారు. మత్తయికి తెలిసింది ఒక్కటే. పిల్ల బసవమ్మ గారింట్లో ఉంది, అంబులెన్సు ఇంకా రాలేదు. పెద్దావిడ సంగతి తెలియదు. కబురేమన్నా తెలిస్తే ముందొచ్చే స్టేషన్లకు చెబుతామన్నారు. సిగ్నల్ పడింది. హెప్సిబా రంగు చెప్పింది, ఆయన తిరిగి చెప్పారు.

ఆ తర్వాతి దారి ఆమెకు ఎన్నడూ అంత భయంగా అనిపించలేదు. మినుము చేలు కోసేసి కుప్పలు పెట్టారు. పట్టాల పక్కన కనపడిన ప్రతి కుప్పా కూర్చున్న మనిషిలా ఉంది. ప్రతి మైలురాయీ చేతులెత్తిన పిల్లే. కళ్ళు మూసుకోవడానికి లేదు. ఆమె ఉద్యోగమే కళ్ళు తెరిచి ఉండడం. పెనుమర్రు దాటాక పట్టాల మధ్యన పసుపుపచ్చగా ఏదో కదిలింది.

"పిల్ల సార్" అంది హెప్సిబా.

నరసింహం గారు బ్రేకు వేశారు. బండి కుదుపుతో నెమ్మదించి, నెమ్మదించి, దానికి కొంచెం ఇవతల ఆగింది. అది గాలికి కొట్టుకొచ్చి పట్టాకు తగులుకున్న ప్లాస్టిక్ సంచి. దుగ్గిరాల మార్కెట్ యార్డుకు పసుపు కొమ్ములు తోలే సంచి కాబోలు, లోపల గాలి నిండి పొర్లుతోంది.

హెప్సిబా రెండు చేతులతో మొహం కప్పుకుంది. "తప్పయిపోయిందండి."

"తప్పేముంది. అనుమానమొస్తే ఆపమనేగా మనకు చెప్పింది. ఆపాం. ఆపకుండా పోయి, అది సంచి కాకపోతే?" అన్నారాయన. సీసా మూత తీసి నీళ్ళిచ్చారు. "మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను గూడూరులో బండి మీదున్నా. తల్లీ పిల్లా ఎట్టున్నారో రెండు రోజుల దాకా తెలవలేదు. ఆ రెండు రోజులూ నేనెట్టా నడిపానో నన్నడగబాక. మా ఆవిడ ఇప్పటికీ అడుగుద్ది."

ఆయన ఓదార్చడానికే చెప్పారు. ఆమె మనసు మాత్రం ఒక్క చోటే పట్టుకుంది. ఇప్పటికీ అడుగుతుంది. తన కూతురు కూడా ఎప్పటికీ అడుగుతుందన్నమాట.

భట్టిప్రోలులో కబురు లేదు. పల్లెకోనలోనూ లేదు. కబురు లేకపోవడం మంచికో చెడుకో తేల్చుకోలేక, చివరికి ఆమె ప్రార్థన చేయడం మొదలుపెట్టింది. మాటలు రాలేదు. చిన్నప్పుడు వరమ్మ నేర్పిన పరలోక ప్రార్థన మొదటి వాక్యమే మళ్ళీ మళ్ళీ లోపల తిరిగింది. మధ్యలో సిగ్నల్ వస్తే రంగు చెప్పి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

రేపల్లెలో బండి ఆగాక ఫోను బయటికి తీసింది. తెర వెలగడానికి పట్టిన కాసేపూ వద్దు, వెలగొద్దు అనుకుంది. వెలిగింది. బసవమ్మ ఫోన్లు, శాలేమురాజు ఫోన్లు వరసగా ఉన్నాయి. వేలు ఎవరి పేరు మీద పడిందో చూసుకోలేదు. అవతల శాలేమురాజు పలికాడు.

"ఉంది" అన్నాడు ముందు ఆ ఒక్క మాటే. భార్య ఏం అడగబోతుందో అతనికి తెలుసు. "అత్తయ్య ఉంది. షుగరు పడిపోయిందంట. అంబులెన్సులోనే గ్లూకోజు ఎక్కించారు. తెనాలి ఆస్పత్రికి తీసుకొచ్చారు. కళ్ళు తెరిచింది. నేను బాపట్లలో రైలెక్కా, వస్తున్నా. ఇంకాసేపు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడంట డాక్టరు."

హెప్సిబా ఇంజన్ మెట్టు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, అంత ఎండలో.

తిరుగు బండికి వేరే మనిషిని ఎక్కించి ఆమెను పంపేశారు. బస్సులో తెనాలి చేరేసరికి పొద్దు వాలింది. ఆస్పత్రి మంచం మీద వరమ్మ పడుకుని ఉంది. చేతికి సూది, కళ్ళ కింద నలుపు. కూతుర్ని చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

"అన్నం ఎందుకు తినలేదమ్మా?" అంది హెప్సిబా.

పక్కన స్టూలు మీదున్న బసవమ్మ చెప్పింది. "ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల శుక్రవారాలంట. పొద్దుట్నించీ మంచినీళ్ళు తప్ప ముట్టలేదంట. ఇంజక్షన్ మాత్రం పొడుచుకుంది."

"ఇంజక్షన్ పొడుచుకుని ఉపవాసముంటారా ఎవరన్నా?"

"నీ పరీక్షుందిగా" అంది వరమ్మ గోడ వైపే చూస్తూ. బండి తనే నడిపే లోకో పైలట్ పరీక్ష, వచ్చే నెల. "నువ్వు ఎడమపక్కన కూర్చోవాలని మొక్కుకున్నా. నీకు చెబితే ఉపవాసం ఉండనిచ్చేదానివి కాదు, తినేదాకా ఊరుకునేదానివి కాదు. అందుకే చెప్పలా."

హెప్సిబాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. తన కోసమే తల్లి చావు దాకా వెళ్ళింది. తన కోసమే బిడ్డ వంతెన దాకా వెళ్ళింది. తను మాత్రం రేపల్లె దాకా వెళ్ళొచ్చింది. మంచం అంచున కూర్చుని తల్లి పాదాలు పట్టుకుంది. చల్లగా లేవు. వెచ్చగా ఉన్నాయి. చాలాసేపు వదల్లేదు.

శాలేమురాజు వరండాలో పాపను భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. తల్లిని చూసి ప్రశాంతి చేతులు చాపలేదు. తండ్రి మెడను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నన్ను చూశావా నువ్వు?" అంది కాసేపటికి.

"చూశానమ్మా."

"మరి ఎందుకాగలేదు?"

"ఆగాను తల్లీ. బండాపి నీ దగ్గరికొచ్చాగా."

"దూరంగా ఆగావు" అంది పిల్ల. "మళ్ళీ వెళ్ళిపోయావు."

శాలేమురాజు పిల్లను రెండో భుజానికి మార్చుకున్నాడు.

"హెప్సీ, ఆఫీసు డ్యూటీ అడుగుదామా? చాలామంది అడిగి తీసుకుంటున్నారుగా" అన్నాడు.

"మార్పు నేనే అడగాలా? నువ్వెందుకడగవు?" అంది ఆమె. గొంతు పెంచలేదు. అలసిపోయి ఉంది. "నాలుగేళ్ళ పైనుంచి అమ్మే చూస్తోంది. నేను లేని పూటల్లో నువ్వూ లేవు. గేటు దగ్గర ఇవాళ ఇద్దరిలో ఒక్కరమన్నా ఉంటే అది వంతెనెక్కేది కాదు. నేను బండి మీదున్నా. నువ్వెక్కడున్నావు?"

అతను బల్ల మీద కూర్చున్నాడు. పిల్ల వీపు నిమిరాడు. "బడిలో ఉన్నా" అన్నాడు. "అందరి పిల్లల్నీ దగ్గరుండి చూస్తున్నా."

వేసవి సెలవులు వచ్చేలోపు వాళ్ళు బాపట్లకు మారారు. రైల్వేస్టేషన్‌కు దగ్గర్లో, మేడ మీద రెండు గదులు. మూడు పూటలా వరమ్మ తిన్నాకే శాలేమురాజు తను తింటాడు. పాపను తన బడికే తీసుకెళ్ళి ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకుంటున్నాడు. హెప్సిబా బాపట్లలో రైలెక్కి తెనాలి వెళ్ళి డ్యూటీ ఎక్కుతుంది. దూరం పెరిగింది, నిద్ర తగ్గింది. పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. బండి ఎందుకు ఆపాల్సి వచ్చిందో చెప్పమని పిలిచి అడిగారు. నరసింహం గారూ ప్రతాప్ కూడా వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పారు. అక్కడితో అయిపోయింది.

కానీ పిల్లకు అయిపోలేదు. తల్లి యూనిఫాం చొక్కా బయటికి తీస్తే చాలు, గుమ్మానికి అడ్డంగా కూర్చునేది. చెప్పకుండా జారుకోమని ఇరుగుపొరుగు సలహా ఇచ్చారు. హెప్సిబా ఆ పని చెయ్యలేదు. ఎక్కడికి వెళ్తోందో, ఎప్పుడొస్తుందో కూర్చోబెట్టి చెప్పి, ఏడిపించే వెళ్ళేది.

ఆ రోజు కూడా చెప్పింది. ప్రశాంతి ఏడ్చింది. చొక్కా అంచు పట్టుకుని ఈడ్చింది. శాలేమురాజు వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి పిల్లను లోపలికి తీసుకెళ్ళాడు. హెప్సిబా సంచి తగిలించుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. సగం దిగేసరికి పైన ఏడుపు ఆగిపోయింది.

అంతసేపూ ఏడుపు వినలేక దిగుతున్న మనిషి, అది ఆగగానే బిగుసుకుపోయింది. చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. పైన తలుపు వెనక ఏం జరుగుతోందో తెలియదు. పరిగెత్తి పైకి వెళ్ళాలనిపించింది. రైలు వేళ దాటిపోతోంది. గోడకు చెయ్యి ఆనించి, ఆ మెట్టు మీదే నిలబడింది.

చాలాసేపటికి పళ్ళెం మీద చెంచా చప్పుడైంది. "ఇడ్లీలో పంచదార ఎయ్యి నాన్నా" అన్న గొంతు వినపడింది.

హెప్సిబా మిగతా మెట్లు దిగి స్టేషన్ వైపు నడిచింది.